ముగ్గు గీతతో మొదలైన ఫుట్‌పాత్: శ్రీమతి విభావరి వడకే గారి పదవీ విరమణ వేళ

1989 ఆగస్టు పదహారో తేదీన, ఊరంతా జోరువానలో మునిగి ఉండగా, గొడుగు గాలికి ఎగిరిపోయినా నియామక పత్రాన్ని మాత్రం తడవనివ్వకుండా కొంగులో చుట్టుకుని, మాలోజీగడ్ నగరపాలక సంస్థ రోడ్ల విభాగంలో జూనియర్ ఇంజనీరుగా చేరిన కుమారి విభావరి కరడే, నేడు కార్యనిర్వాహక ఇంజనీరు శ్రీమతి విభావరి వడకే గారై, ఈ మే నెల ముప్ఫై ఒకటిన పదవీ విరమణ చేయనుండడం మా విభాగానికి ఒకేసారి గర్వకారణమూ, పైకి చెప్పుకోలేని కలవరమూ అవుతున్నది. ఆనాడు హెడ్ క్లర్కు మర్యాదగా కుర్చీ చూపించి, "కూర్చోమ్మా, వాన తగ్గనీ" అంటే, "వానలోనే కదండీ నీళ్లు ఎక్కడ నిలుస్తాయో తెలిసేది, ఒకసారి రోడ్డు చూసొస్తా" అని బయటికి వెళ్లారట. వెళ్లినవారు తిరిగివచ్చి కూర్చున్న దాఖలా చాలాకాలం ఎవరి కంటా పడలేదు.

ఇది అలంకారం కోసం అన్న మాట కాదు. వారి గదిలోని తిరుగుడు కుర్చీకి, అది వచ్చిన నాటి ప్లాస్టిక్ కవరు ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉన్నది. టీ నిలబడే తాగుతారు. ఫైళ్లు కిటికీ గట్టు మీద పెట్టుకుని సంతకాలు చేస్తారు. ఫోను వస్తే వరండా ఈ కొస నుంచి ఆ కొసకు పచార్లు చేస్తూ మాట్లాడతారు. ఇరవై ఏళ్లకు పైగా వారి వెనుక నడిచి చెప్పులు అరగదీసుకున్న సహాయక ఇంజనీరుగా, ఈ సన్మాన సంచికలో వారిని గురించి నాలుగు మాటలు రాసే అర్హత నాకు ఉన్నదని భావిస్తున్నాను. సంచిక సంపాదకులు మాత్రం, "యెమూల్, కాస్త గంభీరంగా రాయి, నీ వెటకారం ఇంటి దగ్గర పెట్టి రా" అని ముందే హెచ్చరించారు. శక్తివంచన లేకుండా ప్రయత్నిస్తాను.

మేడమ్ గారు ఈ ఊరి నగార్‌ఖానా రోడ్డులో, తరతరాలుగా రాగి, ఇత్తడి పాత్రలు చేసి అమ్మే కరడే వారి ఇంట జన్మించారు. కింద దుకాణం, పైన కాపురం, వెనుక పొద్దస్తమానం సుత్తుల మోత. ఆడపిల్లను ఇంజనీరింగు చదివిస్తున్నాడని పేట అంతా ముసిముసిగా నవ్వుకుంటున్నా తండ్రిగారు చెవిన పెట్టలేదు. చదువు సగంలో ఉండగా ఆయన కాలం చేస్తే, అప్పటికింకా కాలేజీ వదలని అన్నగారు, వారు 'దాదా' అని పిలిచే శ్రీ దత్తారాం కరడే తన చదువు మానుకుని సుత్తి పట్టుకున్నారే గానీ, చెల్లెలి చదువు ఒక్క రోజు ఆగనివ్వలేదు. మేడమ్ ఈ సంగతి ప్రతి సభలోనూ చెప్పేవారు. ఈమధ్య చెప్పడం మానేశారు. ఎందుకు మానేశారో చెప్పడానికే నేను కలం పట్టుకున్నాను.

ఉద్యోగ జీవితపు తొలి సంవత్సరాలలో వారు తారు రోడ్ల మరమ్మతు దళంలో పనిచేశారు. రోలరు నడిపేవాళ్లు, తారు కాచేవాళ్లు తొలిరోజుల్లో వారిని చూసి, ఈమె ఎండకు రెండు రోజుల్లో పారిపోతుందని పందేలు కాసుకున్నారని వినికిడి. పారిపోయింది పందెం కాసినవాళ్లే. నిష్కపటమైన వాక్కు, నిర్విరామమైన శ్రమ, నిర్దాక్షిణ్యమైన తనిఖీ అనే మూడు గుణాలతో వారు అనతికాలంలోనే పై అధికారుల మన్ననను, కాంట్రాక్టర్ల శాపనార్థాలను సమానంగా సంపాదించుకుని, 1996లో మా విభాగంలోనే ట్రాఫిక్ శాఖకు బదిలీ అయ్యారు. నడిచేవారికి ఎంత, ఆగే బళ్లకు ఎంత, కదిలే బళ్లకు ఎంత అన్న లెక్క వారిని పట్టుకున్నది అక్కడే. అప్పటి నుంచి ఆ లెక్క వారిని నిద్రపోనివ్వలేదు. వారు మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

వారూ మనవంటి మనిషేనని తెలియజెప్పే ఒక సంఘటనను ఇక్కడ స్మరించుకోవడం ఉచితం. బళ్లు నిలపడంలో మా ఊరి పద్ధతి అందరూ ఎరిగినదే: బేసి తేదీల్లో రోడ్డుకు ఒక పక్క, సరి తేదీల్లో రెండో పక్క. నగార్‌ఖానా రోడ్డులో కరడే వారి దుకాణం ఉన్నది సరి తేదీల పక్క. దానికి ఎదుటి వరుస బేసి తేదీల పక్క. 1998 జనవరి నెలాఖరున ఆ ఎదుటి వరుసలో అంచు రాళ్లు మార్చే పని మేడమ్‌కు అప్పగించారు. ముప్ఫై ఒకటిన బళ్లన్నీ అక్కడ ఉంటాయి, తెల్లారేసరికి అన్నీ రెండో పక్కకు వెళ్లిపోతాయి, ఖాళీ అయిన చోట హాయిగా పని చేసుకోవచ్చునని వారు చక్కగా లెక్క వేసుకుని, కూలీలను, కాంక్రీటు కలిపే యంత్రాన్ని సూర్యోదయానికే రప్పించారు. కాంక్రీటు కలపడమూ అయింది. బళ్లు మాత్రం ఒక్కటీ కదలలేదు. ముప్ఫై ఒకటి తరువాత వచ్చేది ఒకటో తేదీ. అది కూడా బేసేనన్న సంగతి పట్టాలు పొందిన ఇంజనీర్లలో ఒక్కరికీ తోచలేదు.

మేడ మీద నుంచి బనీను తొడుక్కున్న ఒక పెద్దాయన పళ్లు తోముకుంటూ తొంగి చూశారట.

"ఏం తాయీ, పొద్దున్నే జాతరా?"

"బళ్లు తీయండి కాకా, కాంక్రీటు గట్టిపడిపోతుంది!"

"ఎందుకు తీయాలి? నిన్నా బేసే, ఇవాళా బేసే. నా స్కూటరు ఉండాల్సిన చోటే ఉంది. మీ కాలేజీలో లెక్కలు చెప్పరా?"

"లెక్కలు చెప్తారు కాకా. కేలెండరు చెప్పరు."

ఈ గొడవకు ఎదుటి దుకాణం తలుపు తెరుచుకుని దత్తారాం గారు బయటికి వచ్చారు. అప్పుడాయన పేట గణపతి మండలికి అధ్యక్షులు. "విభా, నువ్వు నోరు మూసుకుని కాంక్రీటు సంగతి చూసుకో" అని, డోలు వాయించే కుర్రాళ్లందరినీ మంచాల మీద నుంచి లేపుకొచ్చి, స్కూటర్లను ఎత్తించి, కార్లను తోయించి, వరుస మొత్తం ఖాళీ చేయించారు. కుర్రాళ్లకు ఆ పూట అటుకుల పోహేలు, టీలు కరడే వారి ఇంటి నుంచే వెళ్లాయి. నేను అప్పటికి ఉద్యోగంలో చేరలేదు గానీ, ఈ కథ వినకుండా మా విభాగంలో ఎవరికీ మొదటి జీతం రాదు.

ఆ రోజుతో మేడమ్‌కు కాగితం మీది లెక్కల పట్ల నమ్మకం సడలిపోయింది. తరువాత వారు అనుసరించిన పద్ధతి మరే నగరంలోనైనా ఉన్నదో లేదో నాకు తెలియదు. ఎక్కడ ఫుట్‌పాత్ వెడల్పు చేయాలన్నా, తెల్లవారుజామునే ముగ్గు పిండి సంచి భుజాన వేసుకుని వెళ్లి, కొత్త అంచు ఎక్కడికి రావాలనుకుంటున్నారో అక్కడ రోడ్డు మీద ముగ్గు గీత పోస్తారు. మొదట్లో అందరూ గీత తొక్కకుండా చుట్టు తిరిగి పోతారు. ముగ్గు మీదుగా బండి నడపడానికి ఎవరికి చేతులొస్తాయి? కాసేపటికి తొందర ముందు మర్యాద నిలవదు. సాయంత్రానికి గీత చెరిగిపోయిన చోట చక్రాలకు నిజంగానే అవసరం ఉన్నదని అర్థం. చెరగకుండా మిగిలిన చోటు ఇన్నాళ్లూ రోడ్డు పేరు పెట్టుకుని ఊరికే పడి ఉన్నదని అర్థం. దాన్ని నడిచేవారికి ఇచ్చేయవచ్చు. ఒకసారి ఒక రిక్షావాలా బండి ఆపి, "పెళ్లెవరిది మేడమ్, నడిరోడ్డు మీద ముగ్గేస్తున్నారు?" అని అడిగితే, "రోడ్డుది. మగపెళ్లివారు పక్కకి జరగండి" అన్నారు. ఈ పద్ధతితోనే వారు ఊళ్లో ఎన్నో వీధులను సరిచేశారు. అవన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. రోజూ వాటి మీదే నడుస్తున్నాం.

అటువంటి మేడమ్ గారి చేతికి, ఉద్యోగం చివరి సంవత్సరాలలో, పుట్టిన వీధే పనిగా వచ్చింది.

నగార్‌ఖానా రోడ్డు సంగతి మీకు కొత్తగా చెప్పేది లేదు. ఆ కొసన ఆడపిల్లల బడి. బడి వదిలితే పిల్లలు, దుకాణాల మెట్ల దాకా నిలిపిన స్కూటర్లకూ, కదిలే సిటీ బస్సుకూ నడుమ ఉన్న సందులో, బస్సుకు ఒక చెయ్యి ఆనించుకుని ఒకరి వెనుక ఒకరుగా నడిచేవారు. మేడమ్ చిన్నప్పుడు ఆ బడికే, ఆ సందులోనే నడిచి వెళ్లారు. "రోడ్డు వెడల్పు తాతలిచ్చిన ఆస్తిలాంటిది యెమూల్. మనం పెంచలేం, పంచాలంతే. ఇన్నాళ్లూ వాటా అందనిది ఈ పిల్లలకే" అన్నారు నాతో. రోడ్డు ఒకవైపు ప్రయాణానికే అయింది. రెండు పక్కలా ఫుట్‌పాత్ వెడల్పు అయింది. బళ్లు మునుపటిలాగే తేదీని బట్టి ఒక్క పక్కనే ఆగాలి. ఇక పెద్ద బరువులు దించే దుకాణాల ముందు మాత్రం, టెంపో ఒకటి పట్టేటట్టు ఫుట్‌పాత్ అంచును లోపలికి వంచి చోటు వదలాలి. పథకం ఇంతే. వినడానికి తేలికగానే ఉంటుంది.

గత అక్టోబరులో, దీపావళికి ముందు, పథకం చెప్పడానికి మండలి హాలులో దుకాణదారుల సమావేశం పెట్టాం. గోడకు తగిలించిన పటంలో కరడే వారి దుకాణానికి ఆ పక్కనున్న భికమ్‌చంద్ శేట్ చక్కెర దుకాణం ముందు టెంపో చోటు ఉన్నది. ఈ పక్కనున్న ఇనప సామాను కొట్టు ముందూ ఉన్నది. రెంటి నడుమ, పెళ్లిళ్ల రోజుల్లో మనిషెత్తు హండాలు, నీళ్లు కాచుకునే రాగి బంబులు టెంపోలకు ఎక్కే కరడే దుకాణం ముందు గీత తిన్నగా ఉన్నది. దత్తారాం గారు చాలాసేపు ఆ పటాన్ని చూసి లేచి నిలబడ్డారు.

"ఇంజనీరమ్మ గారూ, మీ ఫుట్‌పాత్ బ్రహ్మాండంగా ఉంది. పెళ్లివాళ్లు ఇకమీదట నా హండాలు నెత్తిన పెట్టుకుని చౌరస్తా దాకా ఊరేగుతూ పోతారన్నమాట."

హాలంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. "అందరూ చెప్పేదీ వింటున్నాను దాదా. ఇక్కడ నేను ఇంజనీర్ని" అన్నారు.

"అందుకే కదా ఇంజనీరమ్మా అన్నాను! భికమ్‌చంద్ శేట్‌కి చోటు గీశారు, ఇనప కొట్టుకి గీశారు. మధ్యలో నేనేం పాపం చేశాను?"

మేడమ్ ఫైలులో కాగితాలు తిరగేయసాగారు.

"నీకు అన్నగా పుట్టడమే నా పాపం. కాదా? ఇదే ఇంకొకడి కొట్టయితే ఈపాటికి గీసేసేదానివి. నా మొహం చూసి కాదని చెప్పు విభా."

వారు మొహం చూడలేదు. "తరువాతి అంశం" అన్నారు. అని, కుర్చీలో కూర్చున్నారు. వారు కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

తిరుగు దారిలో వారు ఎంత వేగంగా నడిచారంటే నేను దాదాపు పరుగెత్తవలసి వచ్చింది. "అక్కడ చోటివ్వాలి యెమూల్. నాకు తెలుసు, అందరికంటే నాకే బాగా తెలుసు. ఆ మెట్ల మీద కూర్చుని చిన్నప్పుడు టెంపోలు చూసినదాన్ని. కానీ నేను గీస్తే ఏమంటారు? పుట్టింటికి చోటు పెట్టుకుందంటారు. రేపట్నుంచి ఊళ్లో ప్రతి దుకాణదారుడూ అన్నయ్యనంటూ వస్తాడు. ఎవరికి లేదనను?" అని, రోడ్డు దాటబోతూ ఆగి, "నేను తప్పు చేస్తున్నానా?" అన్నారు. నేను నోరు తెరిచేలోగానే దాటి అవతలికి వెళ్లిపోయారు.

దీపావళి వచ్చింది. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఇంటికి వెళ్లి, హారతి పట్టించుకుని భోజనం చేసే భావుబీజ్ నాడు మేడమ్ ఏటా మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టేవారు. ఈసారి ఆ మధ్యాహ్నం పెద్ద డబ్బా ఒకటి పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. అందులో కొబ్బరి కరంజీలు, అంటే మన కజ్జికాయలే. దత్తారాం గారికి కరంజీలంటే ప్రాణమని మా అందరికీ తెలుసు. "తినండి, ఎక్కువయ్యాయి" అని బల్లల మధ్య తిరుగుతూ పంచారు. నా వాటా కరంజీని కాగితంలో చుట్టి సొరుగులో పెట్టుకున్నాను.

చలికాలమంతా పని సాగింది. అంచు రాళ్లు పడ్డాయి, పలకలు పరిచారు, బడిపిల్లలు నలుగురేసి చేతులు పట్టుకుని వాటి మీద నడవడం మొదలైంది. కరడే దుకాణం ముందు ముక్క మాత్రం పన్ను ఊడిన చోటులా అలాగే ఉండిపోయింది. మేడమ్ ఆ ముక్క పటం తీసేవారు, కిటికీ గట్టు మీద పరిచేవారు, మళ్లీ మడిచేవారు. రోజూ ఫుట్‌పాత్ తనిఖీకి వెళ్లే మనిషి, చక్కెర దుకాణం దగ్గరకు రాగానే రోడ్డు దాటి ఎదుటి పక్కకు వెళ్లి, ఇనప కొట్టు దాటాక మళ్లీ ఈ పక్కకు వచ్చేవారు. వానలు పడితే తవ్వకాలు ఆపేయాలి. వానలకైనా, పదవీ విరమణకైనా ఇక ఒక్క మే నెలే మిగిలింది. ఇంటి నుంచి వారి భర్త శ్రీ వడకే గారు, "మీ మేడమ్ నిద్రలో కూడా నడుస్తోందయ్యా, ఆ ముక్కేదో త్వరగా పూర్తి చెయ్యండి" అని నాకు ఫోను చేశారు.

మే నెల మొదట్లో మేడమ్ ఆ ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "ఇది నా చేతుల్లో తేలదు. ఇది నీ పని. రోడ్డు ఏం చెప్తే అది చెయ్యి. ఏం చేశావో నాకు చెప్పొద్దు." పై అధికారులకు కూడా, "ఇందులో నాకు బంధుత్వం అడ్డు" అని రాసి ఇచ్చేశారు. ఇరవై ఏళ్లలో వారు నాకు పూర్తిగా అప్పగించిన పని ఇదొక్కటే. ఆనందించాలో, తల పట్టుకోవాలో తెలియలేదు.

నేను వారి పద్ధతే పాటించాను. తెల్లవారుజామున ముగ్గు పిండి తీసుకెళ్లి గీత తిన్నగా పోశాను (వారి చెయ్యంత నిలకడగా రాలేదని ఒప్పుకుంటాను). సాయంత్రం చూస్తే, కరడే దుకాణం ముందు అసలు గీత వేసిన ఆనవాలే లేదు. పెళ్లిళ్ల కాలం, టెంపో వెంట టెంపో ఆగి దాన్ని ఊడ్చిపారేశాయి. రోడ్డు సమాధానం స్పష్టంగా ఉన్నది. మర్నాడు ఉదయం ఆ శుభవార్త చెప్పడానికి దుకాణానికి వెళ్లాను. దత్తారాం గారు కింద కూర్చుని ఒక హండాకు సుత్తితో చుక్కలు వేస్తున్నారు.

"రండి యెమూల్ సాహెబ్. మా ఇంజనీరమ్మ పంపిందా?"

"లేదండీ. ఈ ఫైలుతో మేడమ్‌కి సంబంధం లేదు. నేనే చూస్తున్నాను. మీ ముందు టెంపో చోటు రావాలి, వస్తుంది. ఆ మాట చెబుదామనే వచ్చాను."

సుత్తి ఆగింది. "వద్దు" అన్నారు.

"వద్దంటారేంటండీ! ఇన్నాళ్లూ దీనికోసమే కదా మాటలు మానేసుకున్నారు?"

"ముప్ఫై ఒకటిన దిగిపోతోంది కదా అది? దిగేముందు అన్న గుమ్మం ముందు గీత వంచి పోయిందంటారు. ఎవరు వంచారని అడిగే ఓపిక ఎవడికుంది? సంతకం నీదైనా పేరు దానిదే పోతుంది. ఇన్నేళ్లు ఎండలో తిరిగి సంపాదించుకున్న పేరు సాహెబ్ అది. నా నాలుగు హండాల కోసం పోవాలా? తిన్నగా గీయండి. భికమ్‌చంద్ చోటులో టెంపో ఆపుకుంటాను, మా కుర్రాళ్లు మోస్తారు. శేట్‌తో మాట్లాడేశాను కూడా."

"మరి ఆ రోజు అందరి ముందు అంత గొడవెందుకు చేశారు?"

ఆయన హండాను ఒళ్లోకి లాక్కుని అరచేత్తో తుడిచారు. "ఇవ్వను దాదా అని ఒక్క మాట అనుంటే కూర్చునేవాణ్ణి. అది నా మొహం చూడకుండా కాగితాలు తిప్పింది. నేను అక్కడికి కొట్టువాడిగా వెళ్లానా? దాని అన్నని." సుత్తి మళ్లీ అందుకుని, "ఇదంతా దానికి చెప్పకండి. కుర్చీ దిగేదాకా చెప్పకండి. ముందే తెలిస్తే పంతానికి వంకరగా గీయించినా గీయిస్తుంది" అన్నారు.

నేను ఆఫీసుకు తిరిగివచ్చి చాలాసేపు పచార్లు చేశాను; ఈ జబ్బు అంటుకునేదే. గీత కరడే దుకాణం ముందు తిన్నగానే వెళ్లింది. అయితే రోడ్డు చెప్పినదాన్ని కాదనే అధికారం నాకూ లేదు, ఆయనకూ లేదు. అందుకని చక్కెర దుకాణం ముందరి చోటును రెండు దుకాణాల ఉమ్మడి గోడ వరకూ పొడిగించాను. ఇప్పుడు టెంపో తలుపు తెరిస్తే ఒక అడుగులో కరడే వారి మెట్టు. ఎవరి గుమ్మం ముందూ ఎవరి కోసమూ ఏదీ వంగలేదు. మే ఇరవైలోపే ఆ ఖాళీ పూడింది. మేడమ్ మాత్రం మునుపటిలాగే చక్కెర దుకాణం దగ్గర రోడ్డు దాటుతూనే ఉన్నారు.

కనుక మేడమ్, ఇకనుంచి ఈ మాటలు మీతోనే. ఈ సంచిక మీ చేతికి ఇచ్చేది ముప్ఫై ఒకటో తేదీ సాయంత్రం, కార్యాలయ వేళలు ముగిసిన తరువాత. అప్పటికి మీరు కుర్చీ దిగి ఉంటారు. ఎక్కనే లేదు కదా అంటే నేను చెప్పగలిగింది లేదు. నేను దత్తారాం గారికి ఇచ్చిన మాట అక్కడితో తీరిపోతుంది. మీరు "ఏం చేశావో చెప్పొద్దు" అన్న పని ఏమైందో, ఇదిగో, పైన ఉన్నది.

ఇక మీ తరువాత నా మీద పడే బాధ్యతల్లో మొదటి సమస్య ఒకటి విన్నవించుకుంటాను. ఆ ముక్క ఫుట్‌పాత్ సిద్ధమైన మర్నాడే, కరడే దుకాణం ముందు, సరిగ్గా మీరు చోటు వదలలేకపోయిన చోట, దత్తారాం గారు ముక్కాలిపీట వేసి ఒక పెద్ద రాగి హండాలో చల్లని నీళ్లు నింపి, గరిటె, గ్లాసులు పెట్టి చలివేంద్రం తెరిచారు. బడిపిల్లలు ఆగి తాగి పోతున్నారు. ఆయన ఆ రోజు సుత్తితో చుక్కలు వేసిన హండా అదే. దాని మెడ చుట్టూ దేవనాగరిలో అక్షరాలు కొట్టి ఉన్నాయి: "మా విభా వేసిన దారిలో నడిచేవారికి." నేను కొలిచి చూశాను. ముక్కాలిపీట ఫుట్‌పాత్ మీదికి రెండడుగులు వచ్చింది. నిబంధనల ప్రకారం ఇది ఆక్రమణ. నోటీసు రాయడానికి కూర్చున్నాను గానీ చెయ్యి రాలేదు. ఇటువంటివి మీరైతే క్షణం ఆలస్యం చేయకుండా దగ్గరుండి తీయించేవారు. ఆ పని మీకే వదిలేస్తున్నాను. వెళ్లి చూడండి, ఎండగా ఉంటే ఒక గ్లాసు తాగండి, తీయించాలనిపిస్తే ఆయన మొహం చూసి ఆ మాట చెప్పండి.

ముప్ఫై ఒకటి బేసి. మర్నాడు ఒకటో తేదీ, అదీ బేసే. ఈసారి లెక్క తప్పలేదు, కేలెండరు చూసే చెబుతున్నాను. ఆ రెండు రోజులూ బళ్లన్నీ ఎదుటి పక్కనే ఉంటాయి. కరడే వారి మెట్ల ముందు అడ్డం ఏదీ ఉండదు. మీ మోకాళ్లకు ఏ నొప్పీ రాకుండా, మీ కంటికి ఏ వంకర అంచూ కనబడకుండా, శ్రీ వడకే గారికి ఇకనైనా రాత్రుళ్లు నిద్రపట్టేటట్టుగా, నిండు ఆరోగ్యంతో నూరేళ్లూ ఈ ఊరి ఫుట్‌పాత్‌ల మీద మీరు నడుస్తూనే ఉండాలని విభాగమంతటి తరఫున మనసారా కోరుకుంటున్నాను. చక్కెర దుకాణం దగ్గర మాత్రం, దయచేసి, ఇక రోడ్డు దాటకండి.

అంబాదాస్ యెమూల్
సహాయక ఇంజనీరు, రోడ్ల విభాగం
మాలోజీగడ్ నగరపాలక సంస్థ